పరుశురాం దినాలు

సూరత్, బమ్రోలి. లాక్‌డౌన్ కాలం, మిట్టమధ్యాహ్నం. గొళ్ళెం పెట్టిన తలుపుకు బయట మొగుడు, లోపల పెళ్ళాం.

"తియ్యవే తలుపు. తియ్యమంటున్న గదా!"

"ఎవరు?"

"ఎవరేందే? నీ మొగన్ని, పరుశురాంను. మొఖానికి రుమాలుంటే గుర్తు పట్టవా?"

"గొంతేంది గట్లయింది?"

"పల్సానా నాకా కాడ పోలీసోళ్ళు గొంతు మీద లాఠీ పెట్టి తొక్కిండ్రు. మూతి పలిగింది. పండ్లు రాలినయ్. ముందుగాల నీళ్ళియ్యి."

"ఒర్లకు. కిటికీ కాడికి రా. చెంబిస్త."

"కిటికీలకెల్లి ఎందుకే? నా ఇంటికొచ్చి నేను బిచ్చపోని తీరుగ తాగాల్నా? తలుపు తియ్యి!"

"తియ్య."

"ఏమన్నవ్?"

"తియ్యనన్న. నిన్ను గల్లీల ఎవరన్న చూసిండ్రా?"

"చూడనీకి ఎవరున్నరే? కుక్క కూడ లేదు. అందరు సచ్చిండ్రా?"

"అందరు మన తెలుగోళ్ళ సంఘం వంటకాడ ఉన్నరు. సచ్చింది నువ్వొక్కనివే."

"ఏందే?"

"నువ్వు సచ్చిపోయినవ్. ఇయ్యాల నీ దినాలు. ఆడ ఉడుకుతున్న అన్నం నీ పేరు మీదనే."

"మతి గిట్ల పోయిందా నీకు?"

"ఇగో, నీళ్ళు. మెల్లగ తాగు. చూసినవా, దగ్గొస్తుంది. మెల్లగ అంటే ఇనవ్."

"గోడకు గదేందే? గా ఫోటో?"

"నీదే. పెండ్లి ఫోటోల నా దిక్కు ఎనకకు మలిచి నిన్నొక్కన్నే పెట్టిన. పూలు దొరకలే. సాంచ మగ్గం దారంతోని దండ అల్లిన."

"సంపుత నిన్ను. తలుపు తీసినవనుకో, జుట్టు పట్టి గల్లీ ఈ మూలకెల్లి ఆ మూలదాక ఈడుస్త."

"ఎరుకే. అందుకే తీస్తలేను."

"బతికున్నోనికి దండేస్తవా? ఎందుకేసినవే? ఎవన్ని ఉంచుకున్నవ్?"

"ఉంచుకున్నోడుంటే ఇంత బువ్వన్న తెచ్చేటోడు. నువ్వు ఫోనెందుకు ఎత్తలే?"

"పోలీసోళ్ళు పలగ్గొట్టిండ్రు."

"అంతకు ముందు?"

"చార్జింగ్ లేదు."

"గన్ని దినాలు చార్జింగ్ లేదా?"

"లేదన్న గదా! ప్రశ్నలేందే నాకు? కార్ఖానాల తాళమేసి పెట్టిండ్రు మమ్ముల. శేటు పత్తా లేడు. పొద్దుకోపారి రొట్టెలు పంపిస్తే, వాటికాడ కుక్కల లెక్క కొట్టుకున్నం. నాతోని పనిచేసే ముత్యంగాడు నా వాటా గుంజుకున్నడు. ఒక్కటి పెట్టిన."

"దేంతోని?"

"చేతికందింది. రాడ్డు."

"బతికిండా?"

"ఏమో. చూడలే. గోడ దుంకి ఉరికిన."

"రొట్టె కోసమా?"

"రొట్టె కోసమే. ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. నాకు ముందే ఎరుకైనట్టు అనిపించింది."

"ఏది ఎరుక?"

"ఏం లేదు. నీళ్ళు తాగు."

"సరే, ఇప్పుడు చెప్పు. నేను ఎందుకు సచ్చిన?"

"సంఘం కిట్లు మొదట్ల పంచిండ్రు. ఇంత పిండి, ఇంత పప్పు. అయిపోయినయ్. మల్ల పోతే, మిగిలిన సరుకు, పైసలు చావైన ఇండ్లకే అన్నరు. నీకెరుకే గదా, మనోళ్ళల్ల చావైన ఇంట్ల దినాలయ్యేదాక పొయ్యి ముట్టియ్యరు. గల్లీ అంత వండి తెస్తది. బతికున్నోళ్ళకు ఎవరు తెస్తరు?"

"అడుక్కోకపోయినవా?"

"అడుక్కున్న. ఒకపూట ఇచ్చిండ్రు. వాళ్ళకే లేదాయె. బిడ్డ హారతికి గంజి పోసిన. గంజి కూడ అయింది. ఒకనాడు చూస్తే పిల్ల గోడకు సున్నం గీక్కొని తింటుంది. మూతంత తెల్లగ. ఏందే అంటే, బాగుంది మమ్మీ అన్నది. చెప్పులేసుకోని సీదా సంఘం చూసే సమ్మక్క ఇంటికి పోయిన. అక్కా, మా ఇంటాయన పోయిండు అన్న."

"నోరెట్లొచ్చిందే?"

"నోరొచ్చింది. ఏడుపే రాలే. ఏడ్వకపోతే ఎవరు నమ్ముతరు? సమ్మక్క నా మొఖమే చూస్తుంది. అప్పుడు, నువ్వు హారతి చెయ్యి విరిచిన పొద్దు యాదికి తెచ్చుకున్న. ఎంతొచ్చిందో! ఆపుదామంటే ఆగలే."

"పోరి జారి పడ్డది."

"అవును. దవాఖానాల నేను గట్లనే చెప్పిన. అబద్ధం నాకు కొత్తనా?"

"జారి పడ్డది అంటున్న!"

"ఒర్లకు."

"అది కాదే. జర చెప్పు. ఎవరెవరొచ్చిండ్రు?"

"ఎందుకు నీకు?"

"చెప్పు. ఎవరేడ్చిండ్రు?"

"సమ్మక్క ఏడ్చింది. భూదేవి ఏడ్చింది. లింగం తాత బయటనే కూసోని ఏడ్చిండు. వాళ్ళ ఇంట్ల ఒకపూట పస్తుండి మనకు పప్పు తెచ్చిండ్రు. ఆ పప్పు గొంతుల దిగలే నాకు."

"నర్సింగం?"

"అన్న బండి ఇగ ఎవరు నడుపుతరు వదినా అని అడిగిండు."

"దొంగ నా కొడుకు!"

"మల్ల ఏడ్చిండులే. తాగనీకి చుక్క లేదు గదా, తాగకుంట ఏడ్చుడు వానికి రాదు. గోడకు నెత్తి కొట్టుకున్నడు. అన్నను గట్ల చేసినోడు దొరకాలె వదినా, బొక్కలు ఏరుకోవాలె అని ఒకటే పండ్లు కొరుకుతడు. వాడే కాదు, మొగోళ్ళంత గంతే. సాంచలు బందయినయ్. చేతులకు పని లేదు. ఎవడన్న దొరికితే బాగుండు, కొడ్దుం అన్నట్టున్నరు."

"నన్ను గట్ల చేసినోడేంది? కరోనతోని సచ్చినోనికి..."

"కరోన అని చెప్పలే. కరోన అంటే ఇంటికి రేకులు కొడ్తరు. ఎవరన్న గడప తొక్కుతరా? బుక్కెడు బువ్వ వస్తదా?"

"మరి ఎట్ల సచ్చిన?"

"ఎట్లయితేంది. శవం కూడ ఇయ్యలే, ఆడనే కాలవెట్టిండ్రంట అన్న. నమ్మిండ్రు."

"అది కాదు. ఎట్ల సచ్చినో చెప్పు. నా చావు నాకు తెల్వద్దా?"

"నాకు ఎరుకైన తీరుగ సంపిన. ఇంక నీళ్ళు కావాల్నా, పరుశురాం?"

"ఏమన్నవ్? పేరు పెట్టి పిలుస్తున్నవ్?"

"శోకాలు పెట్టంగ పెట్టంగ అలవాటైంది. మొదటి పొద్దు నాలుకకు కొత్తగుండె. మొగడు బతికున్నన్ని దినాలు పేరెత్తద్దు గదా. పోయినంక ఎత్తొచ్చు."

"మరి చేతికి ఇంక గాజులేందే?"

"ఇయ్యాల తీస్తరు. సమ్మక్క వస్తది, ఇగ వచ్చే యాళ్ళయింది. అందుకే చెప్తున్న, ఇను."

"హారతేది?"

"వంటకాడ. ఇస్తార్లు కడుగుతుంది."

"నేను సచ్చిన్నంటే ఏడ్చిందా?"

"ఏడ్వలే."

"ఎందుకేడ్వలే?"

"నా మొఖం చూసింది. పక్కానా మమ్మీ అన్నది. పక్కా అన్న. పోయి పండుకుంది. ఆ పొద్దుకెల్లి బొంత తడుపుతలేదు."

"నువ్వే నూరిపోసినవ్ దానికి."

"నేనేం నూరిపోయలే. నేను కూడ పండుకుంటున్న. ముందుగాల నీ చెప్పుల సప్పుడు ఇనవడ్డట్టు అయ్యి లేచేదాన్ని. లేచి కూసోని, లేడు గదా అనుకునేదాన్ని. ఉన్నవని తెలిసి కూడ, లేడు గదా అనుకునేదాన్ని. నేను చెప్పిన అబద్ధం నేనే నమ్మిన. నమ్మినంక మస్తు నిద్రొచ్చింది."

"తలుపు తియ్యి. తల్లికి, బిడ్డకు ఇద్దరికి చూపిస్త నేనున్ననో లేనో."

"ఇను. కిమ్ ఊర్ల కార్ఖానాలు మల్ల షురువైతయంట. ఆడికి పో. ఇంకో పేరు చెప్పుకో. రొట్టెలు మూట కట్టి పెట్టిన, ఇగో. దినాల అన్నం కూడ తెచ్చిస్త. ఎవరు చూడకముందు పో. నీకు దండం పెడ్త."

"నా దినాల కూడు నాకే పెడ్తవా?"

"ఆకలి తీర్తది గదా. మా ఆకలి దాంతోనే తీరింది."

"పోకపోతే? గల్లీల నిలవడి ఒర్లుత. మొగడు బతికుండంగ సంఘం సొమ్ము తిన్నది అని."

"ఒర్లు. నన్ను కొడ్తరు. కొట్టినా న్యాయమే. వాళ్ళ బుక్కలకెల్లి తీసి పెట్టిండ్రు. కానీ హారతిని ఏమనరు. దానికి ఇంత అన్నం పెడ్తరు. నువ్వు లోపలికొస్తే ఏమైతదో నాకెరుక."

"ఆగు... ఆగు జర."

"ఏంది?"

"నేను సచ్చిన. పక్కానా?"

"పక్కా."

"సచ్చినోని మీద ఠాణాల కేసు రాస్తరా?"

"ఏం మాటలవి?"

"చెప్పు. రాస్తరా? రాయరు. సంఘం పంచాతి పెడ్తదా? పోయినసారి నిన్ను కొట్టిన్నని అందరి ముంగట నాతోని ముక్కు నేలకు రాపిచ్చిండ్రు. ఇగ ఎవన్ని పిలుస్తరు? ఎవనితోని రాపిస్తరు? నువ్వే నన్ను ఇడిపించినవ్ మంగా. ఎంత మంచిదానివే!"

"నవ్వకు. ఎవరన్న ఇంటరు."

"ఇననీ. మొఖానికి రుమాలుంది. గొంతు నువ్వే గుర్తు పట్టలే, వాళ్ళేం పడ్తరు? దోస్తును అంట. పరుశురాం పానం పోయేటప్పుడు పక్కన నేనే ఉన్న, పెండ్లాం పిల్లను చూస్కొమ్మని చేతిల చెయ్యేసిండు అంట. నా ఇంట్ల నేనుంట. లోపల తలుపేసుకున్నంక నువ్వెంత ఒర్లినా ఎవడొస్తడు? మొగడు లేనిదానివి. ముందు ఆ పోరి ఎందుకేడ్వలేదో అడుగుత. ఒక చెయ్యి అతికింది గదా. ఇంకోటుంది."

"పిల్ల జోలికి పోకు."

"భయమైతుందా?"

"దోస్తునని చెప్పకు."

"చెప్త."

"పక్కన నేనే ఉన్న అని మాత్రం చెప్పకు. నీ మంచికే చెప్తున్న, పరుశురాం. గా ఒక్క మాట అనకు."

"నా మంచికా! అదే చెప్త. ముందు అదే చెప్త."

"మూట తీస్కో. పో. వస్తున్నరు. సమ్మక్క గొంతది. పో!"

"పోను."

"మంగా! బిడ్డా, తలుపు తియ్యి. నీళ్ళు పోసుకున్నవా? గాజులు తియ్యాలె, అందరు వచ్చిండ్రు. ఎవరయ్యా నువ్వు, గడప మీద? దూరం నిలవడు."

"నమస్తే అక్కా. పరుశురాం దోస్తును. పల్సానాకెల్లి నడుసుకుంట వచ్చిన."

"పల్సానా? మా పరుశురాం పనిచేసిన కార్ఖానాల్నేనా?"

"ఒక్క కార్ఖానే. ఒక్క గదే. పానం పోయేటప్పుడు పక్కన నేనే ఉన్న."

"నువ్వేనా? ఇంకెవరున్నరు?"

"ఎవరు లేరు. నేనొక్కన్నే."

"నర్సింగం, ఇన్నవారా? ఈన ఒక్కడే ఉన్నడంట."

"ఇన్న సమ్మక్కా. ఏయ్, కదలకు. ఆడనే నిలవడు. చిరంజీవీ, గా కట్టె ఇటియ్యి. వదినా! వదినా, కిటికీలకెల్లి జర వీని దిక్కు చూడు. పక్కన పండుకున్నోడే గదా అంటివి? రొట్టె కోసం రాడ్డుతోని అన్న నెత్తి పలగ్గొట్టి, మొఖానికి రుమాలు కట్టుకోని గోడ దుంకి ఉరికిండంటివి?"

"ఏంది? ఏయ్, మంగా! ఏం చెప్పినవే వీళ్ళకు?"

"వదినను పేరు పెట్టి పిలుస్తవేందిరా? అరె, రుమాలు చూడుండ్రి. నెత్తురు. రుమాలంత నెత్తురే ఉంది!"

"అది నాది! అది నా నెత్తురు... ఆగుండ్రి... మంగా, నేనెవరినో చెప్పు!"

"దగ్గుతుండు. అందరు ఎనకకు జరుగుండ్రి. బిడ్డా మంగా, జల్ది చెప్పు. వీడేనా?"

"మంగా! చెప్పవే!"

"సమ్మక్కా, హారతేది?"

"వంటకాడ ఉంది బిడ్డా. మొదటి ఇస్తారి దానికే ఏసిన."

"తింటుందా?"

"తింటుంది. ఇస్తారిని రెండో చేత్తోని పట్టుకోని మరీ తింటుంది. చెప్పు బిడ్డా. వీడేనా?"

"వీడే అక్కా. రుమాలు ఇప్పనియ్యకుండ్రి, దగ్గు అంటుకుంటది. దూరంకెల్లే కొట్టుండ్రి."