అద్దాల నడుమ గాలి

ఆదిలాబాద్‌లో కారు అద్దాలు బిగించే మొగిలి దగ్గరికి అతని తోడల్లుడు సిద్ధు కొత్త కారు తెచ్చాడు. పైకప్పులోని జంట అద్దం పగిలి ఉంది.

“ఎండల నిలవెడితే టప్పుమన్నదే అన్నా.”

“రెండద్దాల నడుమ గాలి వేడికి ఉబ్బుతది తమ్మీ. అది బయటికి పోనీకి అంచుకు సన్న బొక్క ఉంటది. అది మూసుకపోతే గిట్లనే పగులుతది.”

“మరి నీళ్లు దిగుతయని సిలికాన్ పెట్టి మూసింది నువ్వే గదనే!”

మొగిలి కాసేపు అద్దం తుడిచాడు.

“తెలిసే మూసిన. కారు పూజనాడు మామ నిన్నొక్కన్నే పక్కన కూసోవెట్టుకున్నడు. నాకు కడుపు మండింది.”

“కూసోవెట్టుకొని ఏం చెప్పిండో ఎరికేనా? అద్దం జోలికి మొగిలిని తప్ప ఎవ్వల్ని రానియ్యకు అన్నడు.”