వేళ కాని వేళ గంట

రేపట్నుంచి ఒకటో తరగతికి పాఠాలు చెప్పడం నీకిచ్చారా? అయితే కూర్చో, ఆ సంచీ అవతల పెట్టు. చప్పుళ్ల టీచరమ్మ గురించి మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదూ? ఆవిడ పోయి చాలా ఏళ్లయిందిలే. అప్పుడు నేను బళ్లో గంట కొట్టేవాణ్ణి, మీ అమ్మ ఒకటో తరగతి. వాచకం మొత్తం గడగడా అప్పజెప్పేది. మా పిల్ల డాక్టరవుతుందని నేను వీధంతా డప్పు కొట్టుకునేవాణ్ణి. ఈ టీచరమ్మ కొత్తగా వచ్చి, పుస్తకం మూయించి, అందులోని మాటలే అటూ ఇటూ మార్చి పలక మీద రాసింది. మీ అమ్మ పలక చూస్తూ పాత పాఠమే అప్పజెప్పింది. అంతా కంఠతానే, ఒక్క ముక్క చదవడం రాదు. క్లాసులో సగం మంది అంతే. "అన్నా, ఇలా అయితే ఇది ఇంకో ఏడాది ఇక్కడే కూర్చోవాలి" అందావిడ. నాకెలాగూ చదువు రాలేదు, దానికైనా రావాలని కదా నా తాపత్రయం.

ఆవిడ పద్ధతేంటంటే, పాఠానికి ముందు పది నిమిషాలు చప్పుళ్లు. మాటని ముక్కలు చెయ్యడం, ముక్కకో చప్పట, మళ్లీ కలపడం. ఆ తర్వాత ఆ చప్పుళ్లున్న కథే చదివించడం. హెడ్మాస్టరేమో, ముక్కుతో మాట్లాడేవాడులే, టైం టేబుల్లో సందు లేదమ్మా, పాఠాలెవరు పూర్తి చేస్తారూ అని కొట్టిపారేశాడు. మొండిఘటం. చెడ్డవాడు మాత్రం కాదు, తను తాగితే నాకూ టీ పోయించేవాడు. ఏం చెప్తున్నా? ఆఁ, సందు. గంట నా చేతిలోనే ఉందిగా! ఆవిడ మొదటి పీరియడ్ అయిపోయే గంట పది నిమిషాలు ఆలస్యంగా కొట్టడం మొదలెట్టా. ఆ పదీ హెడ్మాస్టరు లెక్కల పీరియడ్లో కోసేశా. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగు నెలలు సాగింది. ఓ రోజు ఆయన కొత్త వాచీ పెట్టుకొచ్చాడు, నా పని అయిపోయింది. గంట దగ్గరే నిలబెట్టి కడిగేస్తున్నాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నా. అప్పుడే మంచినీళ్లకని వచ్చిన మీ అమ్మ, నా తలపైన బోర్డు చూసి చప్పట్లు కొడుతూ కూడబలుక్కుంది. "వే... ళ... కా... ని... వేళ... గంట... కొట్ట... రాదు." తొమ్మిదేళ్లు దాని కింద కూర్చున్నానమ్మా, అది హెడ్మాస్టరు పేరనుకున్నా. ఆయన బోర్డు వంక చూసి, "ఇది ఏ పాఠంలో ఉందే?" అన్నాడు. "ఏ పాఠంలోనూ లేదండీ" అంది మీ అమ్మ. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు ఆ పది నిమిషాలూ ఆయనే టైం టేబుల్లో రాశాడు. టీచరమ్మ నన్నూ వెనక బెంచీలో కూర్చోమంది. ఇదిగో, ఇవాళ పేపరు చదువుతున్నానంటే ఆవిడ చలవే.

నీకూ సందుండదు, చూస్తూ ఉండు. ముందు ఆ గంట కొట్టే అతన్ని మంచి చేసుకో. ఏంటీ, ఇప్పుడు గంట కరెంటుతో మోగుతుందా? అయితే ఆ స్విచ్ ఎవరి చేతిలో ఉందో కనుక్కో.