చూడటం నేర్పిన ముప్పైనాలుగు సంవత్సరాలు

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జులై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు మన గ్రామీణ కళాశిక్షణ విభాగపు హాజరుపట్టీలో తొలి సంతకం చేసి విధులలో చేరిన మన చిత్రకళా బోధకురాలు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొమ్మిది ఊళ్ల పిల్లలు వారిని రంగులమ్మ అని పిలుస్తారు. ఆ పేరు మన కార్యాలయం ఇచ్చినది కాదు. మన కార్యాలయం వారికి ఇచ్చినవి వేరే ఉన్నాయి. అభినందన సంచికలో అటువంటివి వ్రాయడం మర్యాద కాదని సంపాదకవర్గం ఈ వ్యాసకర్తకు మృదువుగా సూచించింది. ఇరవై తొమ్మిదేళ్లుగా వారి దస్త్రాలన్నీ చేతులారా తిప్పిన గుమాస్తాగా, ఆ సూచనను సవినయంగా పక్కన పెట్టి, జరిగినది జరిగినట్టు చెప్పడానికే ఇతడు పూనుకొన్నాడు.

చేరిననాడు వారికి అప్పగించిన గది బడి వరండా చివర, విరిగిన బల్లలతోను, పనిచేయని తూకపు యంత్రాలతోను కిటికీ అంచు దాకా నిండిపోయి ఉన్నది. ఖాళీ చేయించడానికి మనుషులు లేరని ప్రధానోపాధ్యాయులు చేతులెత్తేయగా, వారూ, వృత్తిరీత్యా దర్జీ అయిన వారి భర్తా ఇద్దరే నాలుగు రోజులు శ్రమించి ఆ సామానంతా బయటికి చేర్చారు. మూడవనాటి మధ్యాహ్నం నడుము పట్టుకుని మెట్ల మీద కూలబడిన భర్త, “బొమ్మల ఉద్యోగం అన్నావు, ఇది చూస్తే మూటలు మోసే ఉద్యోగంలా ఉందే” అన్నారట. ఆ మాట వారు నేటికీ నవ్వుతూ చెబుతారు. ఆ తరువాతి సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వరు. పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు కనుక సోమవారపు బొమ్మల పీరియడ్‌ను లెక్కల మాస్టారు వాడుకుంటారని కబురు వచ్చింది. వారు సరేనన్నారు. నెల తిరిగేసరికి బడిలో ప్రతిరోజూ సోమవారమే అయిపోయింది.

వారు ఎవరి మీదా ఫిర్యాదు వ్రాయలేదు. తిన్నగా వెళ్లి లెక్కల తరగతిలో చివరి బల్ల మీద పిల్లల పక్కన కూర్చున్నారు. ఒకరోజు కాదు, పదకొండు రోజులు. పదకొండవనాడు వృత్తవైశాల్యం చెబుతున్న మాస్టారి చేతిలో వృత్తం కాస్తా సొరకాయలా సాగిపోతే, వారు లేచి వెళ్లి, సుద్దముక్క అందుకుని, భుజం ఒక్కసారి తిప్పి నిండైన వృత్తం గీసి వచ్చి మళ్లీ తమ చోటులో కూర్చున్నారు. ఆ మాస్టారు మంచివారు. సిగ్గుపడ్డారు. పీరియడ్లు తిరిగి ఇచ్చివేయడమే కాక, శుక్రవారం సాయంత్రాలు గీత నేర్చుకోవడానికి ఆ గదికే వచ్చేవారు. సిగ్గుపడగలగడం గొప్ప గుణం. ఆ తరువాత మన విభాగంలో అది అంతగా ఎవరిలోనూ కనిపించలేదు.

తొలి పదేళ్ల శిక్షణను వారు ఏ సామగ్రితో నడిపించారో తెలిసినవారు మనలో కొద్దిమందే. కాగితం లేని చోట చిత్తు ఫారాల వెనుకవైపు, కుంచె లేని చోట గుడ్డపీలిక చుట్టిన పుల్ల, రంగు లేని చోట బొగ్గు, ఇటుక పొడి, బట్టల నీలిమందు. ఆ ఊళ్లలో సగం కుటుంబాలు ఇటుక బట్టీల మీద బతికేవి కనుక మట్టికి మాత్రం కొదవ లేదు. తొమ్మిదవ ఏట వారు మట్టిబొమ్మల తరగతి ప్రారంభించారు. రెండవ వారంలోనే ఒక ఇటుకల మేస్త్రీ, మోచేతుల దాకా ఎండిన మట్టితోనే, తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన కూతురు ఆ తరగతిలో ఆరో క్లాసు పిల్ల.

“రోజంతా మేం మట్టి పిసుకుతూనే ఉన్నాం టీచరమ్మా. పిల్లని బడికి పంపింది ఆ మట్టి వదులుతుందనే. ఇక్కడా మట్టేనా?” అని అడిగారాయన.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతున్నంతసేపూ తమ మీద తమకే కోపం వచ్చిందని వారు తరువాత చెప్పారు. ఆ మనిషి అడిగినది నిజమైన ప్రశ్న. తాము అది ముందుగా ఆలోచించవలసినది. వారం గడిచాక వారే బట్టీకి వెళ్లి, పిల్లలు చేసే బొమ్మలన్నీ ఆరగానే పగిలిపోతున్నాయని, తాము చదివిన పుస్తకాల్లో ఈ నేల సంగతి లేదని, వచ్చి చెప్పమని మేస్త్రీని అడిగారు. ఆయన మొదట నమ్మలేదు. తరువాత వచ్చారు. ఊక ఎంత కలపాలో, గాలి పోయేదాకా మట్టిని ఎలా బాదాలో చూపిస్తూ, మట్టి అత్తగారి లాంటిదని, బతిమాలితే బిగుసుకుంటుందని అంటే పిల్లలు విరగబడి నవ్వారు. నలభైమంది తన తండ్రి మాటను చెవులు రిక్కించి వినడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. ఆ తరువాత రెండేళ్లు ఆయన ప్రతి గురువారం పిలవకుండానే వచ్చేవారు.

ఇక పదకొండవ ఏట జరిగినది. ఒక ఉన్నతాధికారి పర్యటన సందర్భంగా బడి ప్రహరీ గోడ మీద పిల్లలచేత ‘మా ఊరు’ అనే చిత్రం వేయించవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. ఇరవై ముగ్గురు పిల్లలు పన్నెండు రోజులు వేశారు. పంపు దగ్గర బిందెల వరుస, బట్టీ పొగ, సైకిళ్లు బాగుచేసే దుకాణం, మేకల వెంట పరుగెత్తే ముసలమ్మ, వీటన్నిటి నడుమ తాళం పడిన ఆరోగ్య కేంద్రం. అది అప్పటికి పద్నాలుగు నెలలుగా మూసి ఉన్నది. మేస్త్రీ కూతురు ఆ తాళాన్ని తుప్పుతో సహా వేసింది.

అధికారిగారు గోడ పొడవునా నడుస్తూ వచ్చి తాళం ముందు ఆగిపోయారు. భోజనం ముగించుకుని తిరిగి వచ్చేసరికి గోడకు సున్నం కొట్టించి, పూలూ పిట్టలూ వేయించమని ఆజ్ఞాపించారు. అప్పుడు మన బోధకురాలు, చేతిలో రంగు డబ్బాతోనే, గొంతు పెంచకుండా అన్నారు: “పూలు కూడా వేస్తారండీ పిల్లలు. ముందు మీరు ఆ తాళం తీయించండి.”

అక్కడ మన విభాగానికి చెందినవాళ్లం పదహారుగురం ఉన్నాము. ఒక్కరమూ వెళ్లి వారి పక్కన నిలబడలేదు. ఈ వ్యాసకర్త చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగాడు. అరగంటలో సున్నం బకెట్లు వచ్చాయి. పిల్లలు చూస్తూండగానే వారి ఊరు తెల్లబడిపోయింది. మేస్త్రీ కూతురు ఏడవలేదు. టీచరు దగ్గరికి వచ్చి, తాళం తప్పుగా వేశానా అని అడిగింది. తప్పేమీ లేదని, ఆ గోడ మొత్తం మీద అన్నిటికన్నా సరిగ్గా వచ్చినది అదేనని వారు చెప్పారు.

మూడవనాడు సంజాయిషీ కోరుతూ మెమో వెళ్లింది. పిల్లలను రెచ్చగొట్టినట్టు ఒప్పుకొని, క్షమాపణ చెబితే వ్యవహారం ముగుస్తుందని పెద్దలు కబురు చేశారు. వారు పంపిన జవాబు రెండు వాక్యాలు. “పిల్లలు చూసినది వేశారు. వారికి చూడటం నేర్పినది నేను.” ఈ విభాగపు దస్త్రాలలో ఇతడు చదివిన లక్షల వాక్యాలలో అంతటి నిటారైన వాక్యాలు మరి లేవు. దానికి మన ప్రత్యుత్తరం, ‘విద్యార్థులలో ఆసక్తి లోపించినందున’ తొమ్మిది గ్రామాల కళాశిక్షణను నిలిపివేస్తూ, వారిని రికార్డుల గదికి బదిలీ చేస్తూ వెలువడిన ఉత్తర్వు. అది పచ్చి అబద్ధమని తెలిసే, ఒక్క అక్షరదోషం లేకుండా టైపు చేసినవాడు ఈ వ్యాసకర్తే.

తొమ్మిది సంవత్సరాలు. ఎరుపులో ఏడు ఎరుపులను వేరు చేసి చూపగలిగిన మనిషిని కిటికీ లేని గదిలో గోధుమరంగు అట్టల మధ్య కూర్చోబెట్టాము. మధ్యాహ్నాలు వారితో కలిసి తినడం మానేశాము. ఈ వ్యాసకర్త తన క్యారేజీని మెల్లగా మూడు బల్లలవతలికి మార్చుకున్నాడు. కార్యాలయంలో పల్లెత్తు మాట అనని వారు, ఇంటికి వెళ్లి కూర చల్లారిందని, కత్తెర చప్పుడు ఎక్కువైందని భర్త మీద విరుచుకుపడేవారట. ఒక సాయంత్రం ఆయన కుట్టుమిషన్ ఆపి, “నా మీద అరిచి ఏం లాభం? నువ్వు అరవాల్సిన వాళ్లు ఆ ఆఫీసులో ఉన్నారు, పిల్లలు ఇంకోచోటున్నారు. ఎటు వెళతావో నువ్వే చూసుకో” అన్నారు. ఆ ఆదివారం వారు బట్టీకి వెళ్లారు. బడి గది పోతే పోయింది, మా పాక లేదా అంటూ మేస్త్రీ పచ్చి ఇటుకలు పేర్చుకునే పాకలో సగం ఖాళీ చేసి ఇచ్చారు. ఆరుగురితో మొదలైన ఆదివారపు తరగతి మూడు నెలల్లో నలభైమందికి చేరింది. ఆసక్తి లోపించిన పిల్లలు, ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చేవారు.

అనుమతి లేని శిక్షణ ఎందుకు నడుపుతున్నారని దానికీ మెమోలు వెళ్లాయి. మెమోకు వెనుకవైపు ఖాళీగానే ఉంటుంది కనుక, వారు వాటిని పిల్లలకు పంచిపెట్టారు. మన విభాగాధిపతి సంతకం వెనుక ఎన్నో మేకలు, కోళ్లు, సైకిళ్లు పుట్టాయి.

వారు రికార్డుల గదిలో ఉన్న తొమ్మిదవ ఏట పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది: గ్రామీణ యువతకు కళలలో మీరు ఏమి నేర్పించారు? కార్యాలయం ఒక్క ఉదుటున మేల్కొన్నది. ఎవరో వెళ్లి పాకలోని తరగతిని ఫొటోలు తీసుకు వచ్చారు. అవి ‘మా విభాగపు నిరంతర కృషి’ అనే శీర్షికతో వార్షిక నివేదికలో అచ్చయ్యాయి. ఒక ఫొటోలో పిల్లవాడి భుజం మీద మట్టి అంటిన ఒక చెయ్యి మాత్రం మిగిలి ఉన్నది. ఆ చేతి మనిషిని అంచు దగ్గర కత్తిరించారు. అది మేస్త్రీ చెయ్యి. వారు నివేదిక పట్టుకుని విభాగాధిపతి గదిలోకి వెళ్లి, “నా పేరు వద్దండీ. ఆ చెయ్యి ఎవరిదో రాయండి” అని అడిగారు. ఉద్యోగి కాని వ్యక్తి పేరు నివేదికలో వేయడం నిబంధనలకు విరుద్ధమని జవాబు వచ్చింది. నెల తిరగకుండా, ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ వారి పోస్టును పునరుద్ధరించారు. పొరపాటు జరిగిందన్న మాట ఎక్కడా లేదు. పౌరుషం లేకుండా తిరిగి వచ్చారేమిటని మనలోనే కొందరు చెవులు కొరుక్కున్నారు. పౌరుషం తన ఒక్కదానికే సరిపోతుందని, పైకప్పు అయితే పిల్లలందరికీ సరిపోతుందని వారు తమ భర్తతో అన్నారట.

ఆ పైకప్పు కింద గడచిన పద్నాలుగేళ్లలో వారు చేసిన సేవను ఈ సంచికలో ఇతరులు విపులంగా వ్రాస్తారు. మేస్త్రీ కూతురు నేడు వారానికి రెండు రోజులు మట్టిబొమ్మల శిక్షకురాలిగా అదే గదిలో పాఠం చెబుతున్నారు. ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. కాని ఆ తొమ్మిదేళ్లలో పాక దాకా నడిచి రాలేని ఊళ్లు ఏడు. ఆ ఊళ్ల పిల్లలు ఒక్క గీత గీయకుండా బడి ముగించి పనుల్లోకి వెళ్లిపోయారు. వారిలో ఎవరి చేతిలో ఏమున్నదో ఇక ఎవరికీ తెలియదు. దానికి బాధ్యులం మనమే. ఈ సంచికలో ఎన్ని విశేషణాలు అచ్చువేసినా ఆ పిల్లలు తిరిగి ఆరో క్లాసులోకి రారు.

ఇంత జరిగినా మనకు బుద్ధి రాలేదు. గత నెలలో ఒకే బల్ల మీదికి రెండు దస్త్రాలు వచ్చాయి. ఒకటి వారి సన్మాన సభ ఏర్పాట్లది. రెండవది, వారి విరమణతో ఖాళీ అయ్యే పోస్టును రద్దు చేసే ప్రతిపాదనది. సభకు ఏ కానుక కావాలో కనుక్కోవడానికి వెళ్లిన సన్మాన సంఘం కార్యదర్శి, మాటల్లో మాటగా రెండవ సంగతి కూడా నోరుజారి చెప్పేశారు. కుంచెలు కడుగుతున్న వారు తల తిప్పకుండానే, “నాకు వీడ్కోలు చెప్పండి, కాదనను. పిల్లల పీరియడ్‌కి చెప్పకండి” అన్నారు. తరువాత చేతులు తుడుచుకుని, తిన్నగా ఈ వ్యాసకర్త బల్ల దగ్గరికి వచ్చారు.

“ఈ కాగితం కూడా మీరే టైపు చేస్తున్నారా?” అని అడిగారు.

ఇతడు బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. వారు జవాబు కోసం నిలబడ్డారు, రాకపోయేసరికి వెళ్లిపోయారు. తిడితే బాగుండునని ఇతడికి ఆ రోజంతా అనిపించింది. మర్నాడు ఆ ప్రతిపాదన టైపు చేయడానికి నిరాకరించి, పాత ఉత్తర్వులోని అబద్ధంతో సహా సర్వమూ వివరిస్తూ నాలుగు పేజీల అభ్యంతర పత్రం పెట్టాడు. ముప్పై ఎనిమిది మంది సిబ్బందిలో పదిహేడుగురు సంతకం చేశారు. తక్కిన ఇరవై ఒక్కమంది ఈ సంచికకు శుభాకాంక్షలు వ్రాశారు. ఇతడికి తన ఉద్యోగ జీవితంలో మొదటి మెమో అందింది. పోస్టు రద్దు ఒక సంవత్సరం వాయిదా పడింది. ఆ సంవత్సరానికి గది, పీరియడ్లు, మేస్త్రీ కూతురి చేతికి వచ్చాయి. ఇది విజయం కాదు, గడువు. ఈ మాట చెప్పినప్పుడు వారు సంతోషించలేదు. తేదీ ఎప్పటిదాకా అని అడిగి, చిన్న పుస్తకంలో వ్రాసుకున్నారు.

గోడల ముందు నిలబడి నిలబడి అరిగిన వారి మోకాళ్లకు ఇకనైనా విశ్రాంతి లభించాలని, కుట్టుమిషన్ పక్కన భర్తతో హాయిగా కబుర్లాడే తీరిక దొరకాలని, చూపు ఇప్పటిలాగే చురుకుగా ఉండాలని, ఆయురారోగ్యాలు నిండుగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ఈ కోరికలో మా స్వార్థం లేకపోలేదు, వారి పట్ల భయమూ లేకపోలేదు. వచ్చే ఏడాది ఇదే నెలలో మేము మళ్లీ ఆ పోస్టు రద్దుకు పూనుకుంటే, కార్యాలయం మెట్లెక్కి వచ్చి మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఎందుకని అడగడానికి, ఆ పై ఏడాది మళ్లీ అడగడానికి, వారు నూరేళ్లు చల్లగా ఉండాలి.