జాన్ సైదా టీముకి గుర్తింపు ఎందుకు రాలేదంటే

ఏంటమ్మా సిమ్రానూ, ఫోన్లో ఆ తెల్లదనం? ఉప్పు మడులా? కాదా, మంచా? ఇట్టా దగ్గరగా పట్టు, కళ్ళజోడు లోపలుంది. ఓహో, గ్రీన్‌ల్యాండు! ఫుట్‌బాల్ సంఘంలో చేర్చుకోమన్న వాళ్ళ దరఖాస్తు తిరక్కొట్టారా? ఒక్కడు కూడా వాళ్ళ తరపున చెయ్యెత్తలేదా? భలే. ఇంకా రాలేదన్నమాట వాళ్ళకి గుర్తింపు. మీ తాత బతికుంటే ఇవాళ సైకిల్ షాపు మూసేసి చెరుకుపల్లి సెంటర్లో సంతాప సభ పెట్టేవాడు. నవ్వకు, నిజంగా పెట్టేవాడు. మైకు కూడా నా చేతే తెప్పించేవాడు. ఆ కుర్చీలో కూర్చోకు, దానికి ఓ కాలు తక్కువ. మంచం మీద కూర్చో. మా తాత టీముకి గుర్తింపెందుకు రాలేదు తాతయ్యా అని అడగటానికేగా పొద్దున్నే రేపల్లె బస్సెక్కి వచ్చావు? మీ నాన్న ఇమ్రాను చెప్పలేదా? వాడేం చెప్తాడ్లే, అప్పుడు వాడు గోలీగా నిలబడి అయిదు గోల్సు తిన్న మహానుభావుడు.

మీ తాత జాన్ సైదా కుర్రతనంలో రొయ్యల లారీ మీద క్లీనరుగా కలకత్తా పోయాడు. కలకత్తా పోయినోళ్ళు చీరలు తెస్తారు, స్వీట్లు తెస్తారు. మీ తాత తోలుబంతి తెచ్చాడు. మీ నానమ్మ మున్నీసా ఆ బంతిని చూసి, ఇక నీకు అన్నం కూడా అదే పెడుతుంది పో అందంట. పంక్చర్లు వేసుకునే షాపు పెట్టాడు. సైకిల్ ట్యూబులకంటే ఆ బంతి బ్లాడరుకే ఎక్కువ ప్యాచీలు పడేయి. ఊరంతా క్రికెట్ అని ఊగిపోతుంటే ఈయన పదకొండు మందిని పోగేసి, పాస్ ఇయ్యరా, పాస్ ఇయ్యరా అని అరిచేవాడు. ఆ అరుపుకి మా గేదెలు పాలు ఎగ్గొట్టేయి. గ్రౌండంటావా? నా పొలమే. కాలవ పక్క ఎకరన్నర చెక్క. వరి కోసి, మినుము పీకేశాక, మళ్ళీ కాలవకి నీళ్ళు వదిలేదాకా ఖాళీగా ఉంటుందిగా, ఆ రెండు నెలలే మీ తాత ఫుట్‌బాల్ సంవత్సరం. సరుగుడు బాదులు పాతి గోలు కట్టాడు. నిజాంపట్నం నుంచి పాత చేపల వల తెచ్చి దానికి తగిలించాడు. బంతి వల్లో పడ్డప్పుడల్లా గుప్పున కంపు కొట్టేది. మహా దివ్యమైన స్టేడియం.

అప్పుడు మన వెంకటకృష్ణయ్య మాస్టారున్నాడే, ఇంగ్లీషు పేపరు తెప్పించుకునే ఏకైక జీవి, ఓ రోజు షాపులో కూర్చుని ఈ గ్రీన్‌ల్యాండు సంగతి చదివాడు. అక్కడ గడ్డి మొలవదంట, మంచు కరిగినప్పుడు వారంరోజుల్లో పోటీలన్నీ ఆడేసుకుంటారంట, పాపం ఎవరూ గుర్తించరంట. ఇక చూస్కో! మీ తాత చేతిలో పంపు అట్టాగే ఉండిపోయింది. "అన్నా, వాళ్ళకి మంచు, మనకి నీళ్ళు. వాళ్ళకీ గడ్డి లేదు, మనకీ లేదు. వాళ్ళు మన చుట్టాలే అన్నా" అన్నాడు నాతో. చుట్టాలంట! మన బాపట్లలో సొంత చుట్టాలుంటే పెళ్ళికి పిలవటం మర్చిపోయినోడు, మంచుకొండల్లో చుట్టరికం కలిపాడు. మాస్టారి చేత ఉత్తరం రాయించాడు. మా ఊరొచ్చి మాతో ఒక ఆట ఆడండి, భోజనం, పడక మేం చూసుకుంటాం, రానూపోనూ ఖర్చులు మాత్రం మీవే అని. పోస్టుమాస్టరు ఆ కవరు అటూ ఇటూ తిప్పి, "దీనికి ఎంత స్టాంపు అంటించాలో నాకే తెలీదు సైదా, నువ్వే దయ తలిచి చెప్పు" అన్నాడు.

మరి అదృష్టమో ఏమో, ఏడాది తిరిగాక ఓ కార్డొచ్చింది. మట్టి గ్రౌండు, వెనకాల సముద్రంలో ఇంత మంచుగడ్డ, ముందు ఎర్ర చొక్కాల్లో కుర్రాళ్ళు. వెనక రెండు ముక్కలు. పిలిచినందుకు సంతోషం, మేమూ గుర్తింపు కోసం ఎదురు చూస్తానే ఉన్నాం అని. అంతే! మీ తాత దానికి ప్లాస్టిక్ వేయించి, షాపులో మక్కా పటం కింద మేకు కొట్టాడు. గాలి కొట్టించుకోటానికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. ఎరువుల కట్టలేసుకుని పోతున్న రైతుని ఆపి మరీ చూపించేవాడు.

ఇంతకీ గుర్తింపు. నవ్వులాట అనుకునేవు, కాదు. గుర్తింపు లేని టీము ఆడితే ఆ సర్టిఫికెట్టు చిత్తుకాగితంతో సమానం. మన పాలెం కుర్రాడు బర్నబాసు ఉండేవాడు, పరిగెడితే దుమ్ము కనపడేది గానీ మనిషి కనపడేవాడు కాదు. వాడికి ఆటల కోటాలో పోలీసు ఉద్యోగం రావాలంటే ఆ సర్టిఫికెట్టు కావాలి. ఆ ఏడుతో వయసు దాటిపోతుంది. అందుకని మీ తాత తెనాలి చుట్టూ తిరిగాడమ్మా, కాళ్ళరిగేలా. ఆటల సంఘం వాళ్ళు చివరికి ఓ షరతు పెట్టారు. గ్రౌండు మీది అని పదేళ్ళకి కాగితం రాయించి పెట్టండి, ఓ మనిషిని పంపిస్తాం, సంతకం ఆయన ముందే, గ్రౌండు చూసి రాస్తాడు అని. మీ తాత టీ కొట్టు దగ్గర పదిమందిలో అడిగాడు, "అన్నా, వేసవిలో రెండు నెలలు. పంట జోలికి రాం. ఒక్క సంతకం." నేను తొడ కొట్టినంత పని చేశా. "పదేళ్ళేంట్రా, పాతికేళ్ళు రాయి" అన్నా. పదిమందీ ఆహా అన్నారు. టీ కూడా నేనే తాగించా. నా అంత దాత లేడు ఆ పూట.

ఇంటికొచ్చి చెప్తే మా ఇంటిది అంకమ్మ చేట కింద పెట్టి ఒకటే చూపు. "కాగితం మీదా?" అంది. మళ్ళీ చేట అందుకుంది. నీకు తెలీదు గానీ తల్లీ, మన దగ్గర కౌలు ఎప్పుడూ నోటిమాటే. తరాల తరబడి ఒకడి పొలం ఒకడు చేస్తాడు, కాగితం మాత్రం ఉండదు. కాగితం మీద పెడితే పొలం పోయిందనే లెక్క. మా నాన్న పోతూ పోతూ చెప్పింది కూడా అదే, ఎక్కడా వేలిముద్ర వెయ్యకురా అని. బంతాట ఆడేవాడు నా పొలం ఎత్తుకుపోయి జేబులో పెట్టుకుంటాడా? పెట్టుకోడు. అయినా నాకు నిద్ర పట్టలేదు. కాదని చెప్దామా అంటే, పాతికేళ్ళన్న మొగాణ్ణి, టీ కొట్టు దగ్గర తలెట్టా ఎత్తుకోను? మొహమాటం కాదమ్మా, పొగరు.

ఈలోపల వాళ్ళు నెలరోజులు కష్టపడ్డారు. మే నెల నల్లరేగడి ఎట్టా ఉంటుందో తెలుసుగా, నెర్రెల్లో కాలు దిగిపోతుంది. మీ తాత, ఆ బర్నబాసు, కుర్రాళ్ళంతా కలిసి సూర్యలంక వైపు నుంచి ట్రాక్టరు మీద ఇసక తోలి ప్రతి నెర్రె పూడ్చారు. చదును చేశారు. సున్నంతో గీతలు కొట్టారు. సంఘం మనిషి రేపొస్తాడనగా, మంచినీళ్ళ చెరువులు నింపటానికని కాలవకి నీళ్ళొచ్చాయి. మిట్టమధ్యాహ్నం, ఊరంతా ఎండకి తలుపులేసుకుని పడుకుంది. నేను పార తీసుకుని వెళ్ళి... ఏంటట్టా చూస్తావు? అవును, నేనే. గట్టుకి గండి కొట్టా. రెండు బారలు తవ్వితే చాలు, మిగతా పని నీళ్ళే చూసుకున్నాయి. సాయంత్రానికి కేకలు. ఎట్టా జరిగిందిరా అంటే, ఎలకబొక్క అన్నా. నమ్మారు. ఎందుకు నమ్మరు, పాతికేళ్ళు రాసిస్తానన్న ధర్మాత్ముణ్ణి గదా.

మర్నాడు ఆయనొచ్చాడు, జీపు గట్టుకవతలే ఆపి, ఇస్త్రీ ప్యాంటు మడతపెట్టుకుని. "ఇది గ్రౌండా, చేపల చెరువా?" అన్నాడు. పెద్ద జోకేసినట్టు ఆయనే నవ్వుకున్నాడు. మీ తాత ఆ మంచు కార్డు తీసి చూపించాడు, సార్, వీళ్ళకీ గ్రౌండు సరిగ్గా లేదండి, అయినా ఆడతన్నారండి అని. "వీళ్ళు మన జిల్లా కాదుగా" అన్నాడాయన. ఎంత తెలివి! ఏదో పుస్తకంలో రాసుకున్నాడు, మీ నానమ్మ చేసిన బిరియానీ రెండుసార్లు పెట్టించుకు తిన్నాడు, తేనుస్తా జీపెక్కాడు. మళ్ళీ రాలేదు. బర్నబాసు ఆ వారమే చెన్నై పోయాడు, ఏదో గోడౌన్లో మూటలు మోయటానికి. అక్కణ్ణుంచి ఏమయ్యాడో ఇక్కడ ఎవరికీ తెలీదు.

మీ తాత ఏడవలేదు. తిట్టలేదు. అందరూ పోయాక మా ఇంటికొచ్చాడు. "అన్నా, గండి అట్టాగే వదిలేస్తే నీ నారుమడికి ఇబ్బంది. పూడ్చేస్తా, పార ఇవ్వు" అన్నాడు. కొట్టంలో ఉంది తీసుకోరా అన్నా. తీశాడు. దానికి కాలవ బురద ఎండిపోయి అట్టాగే పట్టుకునుంది. కడగలేదు నేను. ఊరంతా నెర్రెలిచ్చిన మే నెల, అమ్మాయ్, ఏ పారకీ బురద అంటుకునే రోజులు కావవి. దాన్ని చూశాడు. వేలితో ఇంత మట్టి తీసి చూశాడు. నా మొహం వంక చూస్తాడేమోనని నేను గేదె తాడు సర్దటం మొదలెట్టా. చూడలేదు. "ఎలకలు బాగా పెరిగాయి అన్నా" అన్నాడు. పార భుజానేసుకుని వెళ్ళి, మోకాల్లోతు బురదలో నిలబడి, చీకటి పడేదాకా నా గట్టు నాకు పూడ్చిపెట్టాడు. ఆ తర్వాత పదేళ్ళు బతికాడు, రోజూ నా సైకిల్‌కి గాలి కొట్టాడు, ఒక్క మాట అడగలేదు.

ఆ ఫోను లోపల పెట్టు తల్లీ. ఎండ ముదురుతుంది. మజ్జిగ తాగుతావా?