సీలు కింద వంకర రేకు

"ఇంత చిన్న డబ్బా కోసమా మీ వదిన అంత కంగారు పడేది?" అన్నాడు టైలరు, టాప్‌గేరు ఒళ్లోకి చూస్తూ.

అంతే. టాప్‌గేరు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, నోరు ఆ గేరులోనే నడుస్తుందని అలా పిలుస్తారు.

"చిన్నదా? ఎంత మాటన్నావయ్యా! ఇందులో ఉన్నవి మా వదిన వాళ్ల నాన్న కారు ఇంజన్ సీళ్లు. ఆయన పోయాక ఆ కారు మళ్లీ స్టార్టవలేదు. ఇవి ఇప్పుడు ఎక్కడా దొరకవు, ఉన్నది ఈ ఒక్క సెట్టే. పాపం వదిన, నాన్న కారు చప్పుడు ఒక్కసారి వినాలని షెడ్డులో ఇంజన్ విప్పి కూర్చుంది. శుభ్రం చేసిస్తానని పొద్దున్నే నేనే అడిగి తెచ్చా. రోటరీ ఇంజన్ అంటే నా తర్వాతే ఎవడైనా!"

"రోటరీ అంటే?" టీ కొట్టు అక్క గరిటె ఆపింది.

"మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి కదక్కా, ఇందులో ఆ గోల లేదు. మూడు మూలల దిమ్మ ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దిమ్మకీ గోడకీ మధ్య మూడు గదులు. ఓ గదిలో గాలీ పెట్రోలూ నలుగుతుంటే పక్క గదిలో మంట. ఇక్కడిది అక్కడికి కారిందా, బలం గోవిందా! అందుకే మూల అంచున ఓ బద్ద, పక్కల సన్నటి వంపు బద్దలు, అవి కలిసేచోట చొక్కా గుండీ అంత బిళ్ల. అవే సీళ్లు. ఏ గదిలోది ఆ గదిలోనే ఉండాలి."

"తలుపు కింద గాలి రాకుండా గుడ్డ కుక్కినట్టా?"

"అబ్బ, అక్క బుర్రే బుర్ర! సరే, వెనకటికి నేను వేరే ఊళ్లో ఉండగా ఇలాంటి కారే ఒకటొచ్చింది. ఎంత తిప్పినా అంటుకోదు. చెవి ఆనించా, లోపల బుస్సుమంటోంది. సీళ్లు పోయాయన్నా. మార్చా. స్టార్టయింది. అంతే, గొప్పేం లేదు."

"అంతేనా?" టైలరు నిరాశపడ్డాడు.

"అంతే అయితే నేనెందుకు చెప్తానయ్యా! ఆ తర్వాతేమైందో తెలుసా? రోడ్డెక్కించా. సీళ్లు ఎంత బిగుతంటే పెట్రోలు ముల్లు దిగడం మానేసి మెల్లగా పైకి లేస్తోంది! హారన్ కొడితే ఆ చప్పుడు నేను దిగి కాళ్లు కడుక్కున్నాక వచ్చింది. మళ్లీ ఎక్కి ఇంకా తొక్కా. ముందు ఎవడివో ఎర్ర లైట్లు. ఎవడ్రా నాకు అడ్డం అని చూస్తే, నా కారే! ఊరు చుట్టొచ్చి నా వెనక్కి నేనే చేరా. లైటు కొట్టా, ముందున్న నేను మర్యాదగా పక్కకి తప్పుకున్నా."

"దారిచ్చింది నువ్వా, నువ్వా?"

"మధ్యలో మాట్లాడకు, అసలు కిటుకు పోతుంది! సీళ్ల కింద సన్నటి రేకులుంటాయి, అన్నీ వంకరగా. కంపెనీవాడికి చేతకాక అలా పంపుతాడు. నేను సుత్తితో ఒక్కోదాన్నీ చక్కగా సాపు చేశా. ఆ వేగమంతా దానివల్లే!"

"సాపు చేశావా?"

వెనక నుంచి వచ్చిన గొంతు వదినది. చేతికి గ్రీజు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ వంకరే కదా మరిదీ దాని పని! అది స్ప్రింగు. సీలు అరిగేకొద్దీ కింద నుంచి గోడకి నొక్కిపట్టేది అదే. సాపు చేస్తే ఇంకేం నొక్కుతుంది? పొద్దుట్నుంచీ డబ్బా నీ దగ్గరే ఉంది. ఇందులో రేకులు కూడా సాపు చేశావా? నిజం చెప్పు."

టాప్‌గేరు డబ్బాని ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. టైలరు నవ్వడం ఆపేశాడు.

"చెప్పు మరిదీ, నీకు దణ్ణం పెడతాను."

"లేదు వదినా," అన్నాడు టాప్‌గేరు, వినీ వినపడనంత మెల్లగా.

"ఒట్టు?"

"ఒట్టు. పొద్దుట్నుంచీ లాగుతున్నా... మూత రావట్లేదు."

టీ అక్క చెంచా కాడతో మూత లేపింది. వదిన ఒక్కో రేకూ తీసి వెలుతురుకి పట్టి చూసింది. అన్నీ చక్కగా వంకరగానే ఉన్నాయి.

"ఓరి నీ దుంపతెగ!" అన్నాడు టైలరు. "నిన్ను నువ్వే దాటేశావు గానీ, ఓ డబ్బా మూత దాటలేకపోయావా?"

కొట్టంతా ఘొల్లుమంది. వదిన మాత్రం డబ్బా గుండెకి హత్తుకుని, కళ్లు తుడుచుకుంది.

"నవ్వకండి. నా మరిది అబద్ధాలకోరు కావడం నా అదృష్టం."