బండి చల్లారేదాకా

"త్వరగా కానీవే తల్లీ. అవతల మీ నాన్న కళ్ళు గుమ్మానికి అతికించుకుని ఉంటాడు."

"కానిస్తున్నా నానమ్మా. ఆ టార్చి ఇటు పట్టు. నా మొహం మీద కాదు, గొట్టం మీద."

ముందుగదికీ వంటింటికీ మధ్యనున్న సన్నటి నడవలో బండి నిలబెట్టి ఉంది. దాని పక్కన పాత దుప్పటి పరుచుకుని మనవరాలు ఒత్తిగిలి పడుకుంది. పట్టపగలే అయినా అక్కడ చీకటి. నానమ్మ పీట మీద కూర్చుని టార్చి పట్టుకుంది. బయట వాన అప్పుడప్పుడే వెలుస్తోంది.

"ఇంతకీ ఈ డబ్బా మార్చకపోతే కొంపలేం మునిగేవి? ఉన్నదానితోనే వెళ్ళుంటే ఈపాటికి సగం కొండ ఎక్కేదానివి."

"సగం కొండ ఎక్కి ఆగిపోయేదాన్ని. పోయినసారి ఏమైందో మరిచిపోయావా? ఎత్తు మొదలవగానే ఇంజను కుతకుతలాడింది. దారి పక్కన కూర్చుని దానికి విసరడమొక్కటే తక్కువ."

"మరిచిపోవడమా, నేనా? మీ నాన్న పాలపళ్ళు ఏ వరసలో ఊడాయో అడుగు, ఇప్పుడే చెప్తా. బస్సయినా ఉంటే బాగుండేది."

"వంతెన కొట్టుకుపోయాక బస్సెక్కడిది? కర్రల వంతెన మీద రెండు చక్రాల బండ్లనే వదులుతున్నారు. నాన్న ఉన్న ఆసుపత్రేమో కొండకి అవతల. అందుకేగా ఈ తిప్పలు."

"మరి ఈ డబ్బాతో కొండెక్కుతుందా?"

"డబ్బా కాదు, ఆయిల్ కూలరు. ఇంజనులో కాగిన నూనె ఇందులోకొచ్చి, గాలి తగిలి చల్లబడి, మళ్ళీ లోపలికి పోతుంది. పాతది అరచేయంత ఉండేది. ఇది పెద్ద బండిది, మెకానిక్ మామ ఇచ్చాడు. ఇది కూర్చునేసరికి నీళ్ళ గొట్టాలకి చోటు లేకుండా పోయింది. వాటిని పక్కకి లాగి, బండి మెడ మీదుగా తిప్పుతున్నా."

"పెద్ద కోడలొచ్చి మంచం వేసుకుంటే మిగతావాళ్ళు గోడకి జరిగినట్టు."

"నవ్వించకు, స్క్రూ జారుతుంది."

"నన్నూ ఎక్కించుకోవే. వెనక మూటలా కూర్చుంటా, కిక్కురుమనను."

"నువ్వా, కిక్కురుమనకుండానా? అది సరే, బరువు పెరిగితే ఇంజను ఇంకా కాగుతుంది నానమ్మా. ప్రతి మలుపులో ఆగి చల్లార్చుకుంటూ పోవాలి. అలా పోతే చీకటి పడుతుంది. డాక్టరేమన్నాడో నాన్న దగ్గరున్న బాబాయి నీకేగా చెప్పింది."

"గుండె బాగా అలిసిపోయిందిట. చూడాల్సినవాళ్ళెవరైనా ఉంటే తొందరగా రమ్మన్నాడుట. వీడేమో కళ్ళు తెరిచినప్పుడల్లా 'అది బయల్దేరిందా' అని ఒకటే గొడవట. వాడికి ఎదురుచూడటం ఏనాడు చేతనయింది గనక? నెల ముందే పుట్టాడు. అన్నం ఉడికేదాకా ఆగేవాడు కాదు, గిన్నె మూత తీసి వేళ్ళు కాల్చుకునేవాడు. ఇప్పుడు మంచం మీద పడుకుని ఎదురుచూడమంటే వాడి వల్ల అవుతుందా?"

"అందుకే నేనొక్కదాన్నే పోతా. వంతెన బాగవగానే నిన్ను తీసుకెళ్తా. సరేనా?"

"సరేలే."

"నాన్నకేమైనా చెప్పమంటావా?"

"నేను చెప్పేదేముంది. కనబడు. త్వరగా కనబడు, చాలు."

"ఇదిగో, అయిపోయింది. క్లిప్పులు బిగించా, గొట్టాల్లో కూలెంటు నీళ్ళు పోశా. బ్యాగు ఇటివ్వు."

"ఆగాగు. హ్యాండిలు తిప్పి చూశావా?"

"ఇక్కడెలా తిరుగుతుంది? గోడ తగులుతోందిగా."

"అదే నేననేది. ఆ గోడ మీద గీత చూడు. మీ నాన్న మొదటి సైకిలు గీసింది. ఎన్ని సున్నాలేసినా పోలేదు. ఈ నడవలో ఏ బండీ తల తిప్పింది లేదు, ముక్కుసూటిగా రావాలి, ముక్కుసూటిగా పోవాలి. నువ్వేమో మెడ మీదుగా గొట్టం వేశానంటున్నావు. మెడ తిరిగితే అదేమవుతుంది?"

"అది చూడనేలేదు నానమ్మా."

"మరి ఇప్పుడు చూడు."

"బయటికి లాగుదాం, వెనక పట్టు."

"పట్టాను. ఇప్పుడు తిప్పు."

"కుడికి బాగానే ఉంది. ఎడమకి... అయ్యో, నలిగిపోతోంది నానమ్మా. చూడు, ఎలా నొక్కేసిందో. ఇలా పోతే మొదటి మలుపులోనే నీళ్ళు ఆగిపోయేవి. అంతా విప్పాలి. మళ్ళీ మొదటినుంచీ. నా బుర్రకి అసలు..."

"బుర్రని తర్వాత తిట్టుకుందువుగాని, ముందు చేతులాడించు. త్వరగా, నా తల్లి కదూ."

మనవరాలు వీధి అరుగు దగ్గరే గొట్టాన్ని విప్పి, మెడకి దూరంగా కిందనుంచి తెచ్చి మళ్ళీ బిగించింది. లోపలి గాలిబుడగలు పోవడానికి ఇంజను ఆన్ చేసి ఉంచింది. ఆ చప్పుడులో ఫోను మోగింది. ఆమె చేతులు నూనెలో ఉన్నాయని నానమ్మే అందుకుని వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఇంజను ఆగి ఉంది.

"ఎవరు నానమ్మా?"

"మీ బాబాయి."

"ఏమన్నాడు?"

"బయల్దేరిందా అన్నాడు."

"ఇదిగో బయల్దేరుతున్నా. నాన్నెలా ఉన్నాడట?"

"పడుకున్నాడు."

"హమ్మయ్య. రాత్రంతా కునుకు లేదన్నాడు బాబాయి. లేచేసరికి ఎదురుగా ఉంటా. హెల్మెట్ అందుకో."

"ముందు చేతులు కడుక్కో."

"గుడ్డతో తుడుచుకున్నాలే."

"సబ్బుతో కడుక్కో. గోళ్ళ నిండా మసి. రెండు ముద్దలు తిను, కలిపి పెడతా."

"పొద్దున్నించీ త్వరగా త్వరగా అని నా ప్రాణం తోడేశావు. ఇప్పుడు కూర్చుని తినమంటావేంటి?"

"ఆ గొట్టం ఇంకోసారి చూడు."

"చూశాగా."

"ఎడమకి?"

"ఎడమకీ చూశా, కుడికీ చూశా. ఎక్కడా నలగట్లేదు. నాన్న చూస్తే 'పర్లేదే' అంటాడు. అంతకన్నా ఆ నోట మెప్పు రాదుగా. స్పానరు పట్టడం నేర్పి, ఒక్కసారైనా బాగుందన్నాడా?"

"నాతో అనేవాడు. నీ ముందు అనేవాడు కాదు."

"ఏమనేవాడు?"

"దారిలో చెప్తా."

"దారిలోనా? నానమ్మా, ఆ టార్చి ఆపు, ఎండొచ్చేసింది. ఇంకా పట్టుకునే ఉన్నావేం?"

"పొద్దున్నించీ పట్టుకునే ఉన్నానుగా."

"ఇటివ్వు. ఏంటి, చెప్పులేసుకుంటున్నావు?"

"నేనూ వస్తున్నా. తలుపు తాళం వెయ్యి."

"ఇందాకేగా అనుకున్నాం. ఇద్దరమెక్కితే ఎత్తులో కాగుతుంది. ఆగుతూ ఆగుతూ పోవాలి. నాన్న అక్కడ నాకోసం..."

"ఆగుదాం తల్లీ. ప్రతి మలుపులోనూ ఆగుదాం. బండి చల్లారేదాకా పక్కన కూర్చుందాం. వాడింక మనకోసం ఎదురుచూడట్లేదు."