పీటముడి నేను వెయ్యను

"మామా, ఈసారి గూడా తిరణాలకి బారికేడ్లు కట్టే పని నీకు ఇయ్యలేదంటనే?"

ఇయ్యలేదు పాపా. ఏందట్టా మొహం పెట్టినావు? నేను హాయిగానే ఉండాను, రా, కూర్చో. ఉదయగిరిలో టెంటుహౌసు పెట్టినకాడి నుంచి ఏ మీటింగైనా, ఏ తిరణాలైనా సరుగుడు కట్టెలు పాతి తాళ్లు బిగించింది ఈ చేతులే. ఇప్పుడంటే ఇనప బారికేడ్లు లారీల్లో దిగతాండాయి గానీ, అప్పుడు కట్టె రూపాయి... రూపాయి కూడా కాదులే, ముప్పావలా.

నా కట్టుకి ఒక పద్ధతి ఉండాది. పది కట్టెలకొకచోట జారుముడి వేస్తాను, గుర్తుకి ఎర్రగుడ్డ పీలిక కడతాను. కొస పట్టుకోని ఒక్క లాగు లాగితే ఊడొస్తాది, దారి అవతాది. మా నాయన నేర్పినాడు. కొట్టంలో గొడ్డుని పీటముడేసి కట్టేస్తే కర్ర తీసుకునేవాడు. "నిప్పంటుకుంటే అది యాడికి పోతాదిరా?" అని. ఆయన కోపం మీ అమ్మనడుగు, చెప్తాది.

రెండేళ్ల కిందట కలువాయిలో... కాదు కాదు, ఆత్మకూరులో పెద్ద మీటింగు. ఆడోళ్ల వైపు కట్టే పని నాది. మీ అత్త కూడా వచ్చింది, మోకాళ్ల నొప్పులతో. వద్దే అంటే వినిందా? కట్టడం అయిపోయినాక, ఏర్పాట్లు చూసే పెద్దమనిషొకడు, లీడరు బామ్మర్దంట, వచ్చినాడు.

"ఈ ఎర్రగుడ్డలేందయ్యా?"

చెప్పినా.

"ఎవుడన్నా లాగితే జనం స్టేజీ మీదికొస్తారు. అన్నీ పీటముళ్లు వెయ్యి."

"వెయ్యను సార్."

"తిరణాల పని గూడా నీకే ఇప్పిద్దామనుకుంటుంటే!"

"ఇప్పించబాకండి. గొడ్డుకిచ్చే దారి మనిషికి ఇయ్యకుండా నేను కట్టను. మీరే కట్టుకోండి" అన్నా.

కట్టుకుందామంటే వాడికి ముడి వస్తే గదా! తాడుతో కుస్తీ పట్టినాడు, గోరిరిగింది. ఇంతలో కార్లొచ్చేసినాయి, వదిలేసి ఉరికినాడు.

లీడరు దిగినాడో లేదో, యెనకున్నోళ్లు ఒక్కసారిగా తోసినారు. ముందున్న ఆడోళ్లు తాళ్లకి ఒత్తుకుపోయినారు. మీ అత్త కట్టెకి అదుముకుపోయి, చెయ్యి మాత్రం పైకెత్తింది. నేను ఆమె దగ్గరికి ఉరకలేదు పాపా. ఉరికితే ఆ ఒక్క ముడే ఇప్పగలను. ఉన్నచోటనే నిలబడి, "ఎర్రగుడ్డ లాగండమ్మా! ఎర్రగుడ్డ!" అని గొంతు చించుకున్నా. ఒకరు లాగినారు, ఇంకొకరు లాగినారు. చెరువు గండి పడినట్టు బయటికొచ్చేసి యాడ కూర్చున్నారనుకున్నావు? వీఐపీల సోఫాల్లో! నడిమి సోఫా మీ అత్తది. లెయ్యమ్మా అని బామ్మర్ది అంటే, "మోకాళ్లు పట్టేసినాయి నాయనా, నువ్వే లేపు చూద్దాం" అనింది.

"ఈ పక్కల నీకింక పని ఉండదు" అన్నాడు నాతో. ఉండకపోతే పోయింది! ఒక్క మనిషికి చెయ్యిరగలేదు, కాలిరగలేదు. మొన్న మళ్లీ ఆయనే కబురు పెట్టినాడు, ఎర్రగుడ్డలు లేకుండా కడితే తిరణాల నీదే అని. ఎర్రగుడ్డ లేకుంటే నేనూ లేను, పొమ్మన్నా. అదీ సంగతి.

నువ్వు తిరణాలకి పోతావు గదా? పో. దేవుడికి దణ్ణం పెట్టేముందు బయటికి దారి యాడుండాదో చూసుకో. ఇదుగో, ఈ తాడుముక్క పట్టు. ఇట్టా మడుపు... ఆ, కొస బయటికుండాల. ఇప్పుడు లాగు. చూసినావా! చల్లగా ఉండు తల్లీ. ఏదీ, ఇంకోసారి వెయ్యి...